దానంతటదే ఆగే చిత్రిక

గుల్లలమోద,
9-7-97

మావయ్యకు,

నీ చెయ్యి ఎలా ఉందో ముందు రాయి, తిట్లు తర్వాత రాద్దువుగాని. లారీ బాడీ మీద నుంచి జారిపడ్డావనీ, కుడి మణికట్టు విరిగి సిమెంటు కట్టు వేశారనీ నీతో పనిచేసే మరియదాసు గారు నాగాయలంక ఫోను బూతుకి కబురు చెప్పారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడంలేదు. ఒక్కడివీ వండుకుని ఎలా తింటున్నావో ఏమో.

ఇక్కడి సంగతి దాచకుండా రాస్తున్నాను. వేసవిలో నువ్వు వచ్చి నావకు అడుగు దూలం, పక్కటెముకలు నిలబెట్టి వెళ్ళావు. ఆషాఢంలో వచ్చి పలకలు ఎక్కిస్తానన్నావు. అది పాకలో ఎముకలగూడులా నిలబడి ఉంది. మద్ది పలకలు రంపం కోత మీద అలాగే గరుకుగా ఉన్నాయి. నువ్వు పడ్డావని తెలిసిన మర్నాడే నీ కొడుకు మనసు మార్చుకున్నాడు. పలకలు ఎవరికైనా గుమ్మాలకు అమ్మేసి నిజాంపట్నం పోతాడట, అక్కడ మరబోటు మీద కలాసీగా చేరతాడట. కార్తీకంలో రమ్మన్నారట.

మావయ్యా, మా నాన్న సంగతి నీకు తెలుసు. నీ చెల్లెలి మొగుడే కదా. పరాయి బోటు ఎక్కినవాడు పండక్కి పండక్కి చుట్టంలా వచ్చేవాడు. నేను ఆయన్ని గుర్తుపట్టక అమ్మ వెనక దాక్కునేదాన్ని. రేపు పుట్టే నా పిల్లలు అలా దాక్కోవడం నాకు ఇష్టంలేదు. ఆ మాటే బావతో అన్నాను. "నావ చెయ్యడానికి మనిషేడీ?" అన్నాడు. "నేనున్నా" అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. "కార్తీకం వచ్చేలోపు పలకలన్నీ ఎక్కితే నేనెక్కడికీ పోను, పో" అన్నాడు. కులపెద్ద జక్కయ్య గారు అక్కడే ఉన్నారు, విన్నారు. ఇక బావ మాట తప్పడానికి లేదు.

వాసానికి కట్టిన నీ పెద్ద చిత్రిక కిందికి దించాను. ఎలా పట్టాలో రాయి. ఆడది చిత్రిక పట్టకూడదని మాత్రం రాయకు.

నీ మేనకోడలు, కోడలు
దుర్గ

ఆటోనగర్, విజయవాడ,
20-7-97

అమ్మాయి దుర్గకు,

ఎడమచేత్తో రాస్తున్నాను. కాగితం మీద పీతలు పాకాయనుకోకు. చెయ్యి బాగానే ఉంది, సలుపు తగ్గింది. మరియదాసు వాళ్ళింట్లోంచి అన్నం తెస్తున్నాడు.

నువ్వు చిత్రిక పడతావా? చేప తోమమంటే అత్త మీదికి తోసేసేదానివి. సరే, కోటి గాడు నవ్వాడు కాబట్టి నేను నవ్వను. వాడికి సముద్రం తెలుసుగాని చెక్క తెలియదు.

ఆ చిత్రిక నేను చేసింది. కోటి పుట్టిన ఏడు సండ్ర మొద్దు తెచ్చి, తొలిచి, నున్నగా చేశాను. లోపలి ఉలి లారీ కమాను పట్టీని సాగగొట్టి చేయించింది. అలాంటిది ఈ ఆటోనగర్ మొత్తం తిరిగినా దొరకదు. ఇక్కడ అంతా మిషనే. పలక ఇటు పెడితే అటు వస్తుంది, మనిషి ఊరికే నిలబడి చూడాలి.

చెప్పేది జాగ్రత్తగా విను. సానరాయి మీద ఉలి నూరు, చేతి మీద వెంట్రుక తెగేదాకా. చిత్రికలో పెట్టి చెక్క చీల బిగించు. ఉలి నెత్తిన సుత్తితో తడితే కిందికి దిగుతుంది, చిత్రిక వెనక తడితే పైకి వస్తుంది. ఉల్లిపొరంత పొట్టు రావాలి. నడుం నుంచి తోయాలి, భుజం నుంచి కాదు. పలక ఏ చివర నుంచి పట్టినా నా చిత్రికకు ఎదురులేదు. ఇంకోమాట, నువ్వు నమ్మవు, దానికి బుద్ధి ఉంది. ముడి వచ్చేచోట దానంతటదే నెమ్మదిస్తుంది. బలవంతం చెయ్యకు, దాని దారిన దాన్ని పోనీ.

పలకలు నున్నగా చేసి పక్కన పెట్టు, అంతే. పలకలకు మొదటి మేకు పడ్డాక ఆడది నావను ముట్టకూడదు, అది మొదటి చేపలు తెచ్చేదాకా. అది నీకు తెలిసిందే. ఆ పని కోటి చూసుకుంటాడు.

మీ అత్త ఇంకా సొర్లగొందిలో వాళ్ళ అన్న దగ్గరే ఉందా? నాతో రమ్మంటే బెజవాడ నీళ్ళు పడవంది. అక్కడి నీళ్ళు పడుతున్నాయేమో కనుక్కో. నేనడిగానని చెప్పకు.

నాగులు

గుల్లలమోద,
8-8-97

మావయ్యకు,

నీ చిత్రికకు బుద్ధి ఉందన్నావు. నా చేతికి వచ్చాక దానికి మతిపోయినట్టుంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఉలి నూరీ నూరీ సానరాయికి గుంట పడింది. చేతి మీద వెంట్రుకలు తెగాయి, బావ చూసి "గడ్డం కూడా గీస్తావా" అన్నాడు. మొదటి పలక సగందాకా వెన్నలా వచ్చింది. ఎంత సంబరపడ్డానో నీకు చెప్పలేను. రెండో పలక మీద పెట్టేసరికి కర్రుమని చీలికలు లేచాయి. చెక్క కొరికినట్టు గుంటలు పడ్డాయి. ఉలి పైకి తీశాను, మళ్ళీ నూరాను, నడుం నుంచి తోశాను. అదే తంతు. ముడి దగ్గర ఆగుతుందన్నావు, అది ఆగలేదు, ముడిని పెకలించుకుని పోయింది. ఒక పలక నాశనమైపోయింది. బావ చూసి దాన్ని తీసుకెళ్ళి పాక మూలన పడేశాడు. తిట్టినా బాగుండేది.

అరచేతులు బొబ్బలెక్కి గరిటె పట్టుకోలేకపోతున్నాను. అయినా మానను.

ఒకటి అడుగుతాను. చిత్రిక ముందువైపు అడ్డంగా ఒక బెజ్జం ఉంది. దాని అంచులు బాగా అరిగి నున్నగా ఉన్నాయి. అది దేనికి? నువ్వు దాని గురించి రాయలేదు.

అత్త సొర్లగొందిలోనే ఉంది. నీళ్ళు పడుతున్నాయి.

దుర్గ

ఆటోనగర్, విజయవాడ,
16-8-97

దుర్గకు,

పలక పాడుచేశావా. ఆ మద్ది నేను నూజివీడు అడితిలో నిలబడి ఒక్కో దుంగా తట్టి చూసి ఏరి తెచ్చింది. ఇప్పుడు అలాంటిది దొరకదు.

తప్పు నీ నూరడంలో ఉంది. లేకపోతే చీల వదులుగా బిగించావు. నా చిత్రికకు చీలికలు లేవడమనేది లేదు. దానితో ఎన్ని నావలు చేశానో నీకు తెలుసు. నాగాయలంక రేవులో ఏ నావకైనా చెంప ఆనించి చూడు, గరుకు తగిలితే నా పేరు మార్చుకుంటాను.

బెజ్జం తాడు కట్టడానికి. మీ అత్త ముందు నిలబడి లాగేది. నాకు బరువు తగ్గుతుందని, అంతే. నువ్వు వయసులో ఉన్నదానివి, ఒక్కదానివే తోసుకోగలవు. దానికీ చీలికలకూ సంబంధం లేదు.

నేను ఆలోచించాను. ఇది నీవల్ల కాదు. తప్పు పట్టి అనడంలేదు. ఇంకో రెండు పలకలు పోతే ఉన్నవి నావకు చాలవు. ఉన్నవి అమ్మేసుకోండి. కోటిని పోనీ. నిజాంపట్నం దేశం కాని దేశమేమీ కాదు. వదిలెయ్.

నాగులు

గుల్లలమోద,
3-9-97

మావయ్యకు,

వదిలెయ్యమన్నావు. వదల్లేదు. నీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయి ఆగాను, అందులో అత్త తాడు లాగేదన్న ముక్క ఉంది కాబట్టి. పాడైన పలక ముక్క ఒకటి సంచిలో వేసుకుని సొర్లగొంది వెళ్ళాను.

అత్త వాకిట్లో కూర్చుని పండుగప్ప తోముతోంది. చెక్క ముక్క చూపించాను. చీలికలు లేచినచోట వేలు పెట్టి, "దీన్ని తోక నుంచి తోమావే పిచ్చిమొహమా" అంది. నాకు ఏమీ అర్థంకాలేదు. పొలుసు తియ్యని చేప ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది.

"తల నుంచి తోకకు నిమురు." చెయ్యి నున్నగా జారింది.

"ఇప్పుడు తోక నుంచి తలకు." పొలుసు గుచ్చుకుంది.

"చెక్కకీ అంతేనే. ఒక వైపు నుంచి వస్తే మాట వింటది, రెండో వైపు నుంచి వస్తే కరుస్తది. కంటికి అవపడదు. కళ్ళు మూసుకుని అరచెయ్యి పెట్టి చూడాల."

"మరి ఏ చివర నుంచి పట్టినా ఒకటేనని మావయ్య రాశాడే?"

అత్త కత్తి పక్కనపెట్టి నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో. "ఆయన టీ తాగొచ్చేలోపు పలకలన్నీ తడిమి చూసి తిప్పి పెట్టేదాన్ని. ఆయన ఎప్పుడూ తల వైపే నిలబడేవోడు. ఇంకేటి ఎదురొస్తది?"

"ముడి దగ్గర చిత్రిక దానంతటదే ఆగుతుందన్నాడు."

"తాడు నా చేతిలో ఉంది కదంటే. ముడి రాంగానే వదులు చేసేదాన్ని."

 మావయ్యా, ఇన్నేళ్ళు ఈ సంగతి నీకెందుకు చెప్పలేదని అడిగాను. "చిత్రిక పట్టేవోడికి ధీమా ఉండాల. చెప్తే ఆయన చెయ్యి జంకేది" అంది.

ఇంకోటి కూడా అడిగాను, నువ్వు అడగమన్నదే. బెజవాడ నీళ్ళు పడక కాదు మావయ్యా. నువ్వు సామాను సర్దుకునేటప్పుడు ఈ చిత్రికను వాసానికి కట్టేస్తూ, "అక్కడ మిషనుంది, లాగేవాళ్ళతో పనిలేదు" అన్నావట. నీకు గుర్తుందో లేదో. అత్తకు మాత్రం బాగా గుర్తుంది. "పనిలేదన్న చోటికి నేనెందుకు పోతానే" అంది. నీళ్ళ సంగతి పదిమందికి చెప్పుకోవడానికట.

నాతోపాటు వచ్చేసింది. చేపల కత్తి, రెండు చీరలు, అంతే సామాను. రాగానే పాకలోకి పోయి పలకల మీద చెయ్యి పెట్టింది.

దుర్గ

ఆటోనగర్, విజయవాడ,
10-9-97

దుర్గకు,

కట్టు విప్పారు.

మీ అత్త చెప్పింది నేను నమ్మను. చిత్రిక చేసినవాణ్ణి నేను, పట్టినవాణ్ణి నేను. పలకలు తిప్పితే నాకు తెలియదా? కళ్ళు లేవా నాకు? ఆడవాళ్ళిద్దరూ ఒకచోట చేరితే ఇలాంటి కథలే పుడతాయి.

నీ పని నువ్వు చూసుకో. నాకు ఉత్తరాలు రాయక్కర్లేదు.

నాగులు

గుల్లలమోద,
4-10-97

మావయ్యకు,

రాయొద్దన్నావు కాబట్టి కొంచెమే రాస్తాను. నీతో వాదన పెట్టుకోను. కవరులో చుట్టి పెట్టింది తీసి చూడు. మెల్లగా విప్పు, తెగుతుంది. పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే పొట్టు. ఉల్లిపొర కంటే పలచన. నేను తోశాను, అత్త లాగింది.

సగానికి పైగా పలకలు ఎక్కాయి. మొదటి మేకు పడ్డ రోజు ఒక గొడవైంది, అది నీకు చెప్పి తీరాలి. పలక బిగించాక, పైన వచ్చే పలకకు సరిపోయేలా దాని అంచు నావ మీదే చిత్రిక పట్టాలి కదా. బావకు అది రాదు, రెండుసార్లు వంకరగా పట్టాడు. నువ్వు అంచు పట్టడం ఏళ్ళ తరబడి చూసిన అత్త కొంగు బిగించి చిన్న చిత్రిక తీసుకుని నావ దగ్గరికి నడిచింది. జక్కయ్య గారు అడ్డం వచ్చారు. "రత్తమ్మా, మేకు పడింది, ముట్టకూడదు" అన్నారు.

అత్త అరవలేదు. "జక్కయ్య బావా, ఈ రేవులో నా చెయ్యి తగలని పలకున్న నావ ఒకటి చూపించు. చూపిస్తే నేను ఎనక్కి పోతా" అంది.

ఆయన రేవు వైపు చూశారు. నీ నావలన్నీ అక్కడే ఉన్నాయి. ఆయన సొంత నావ కూడా. చాలాసేపు చూసి, చుట్ట వెలిగించుకుని వెళ్ళిపోయారు. అత్త అంచు పట్టింది. దీపం పెట్టి చూశాం, సందులోంచి వెలుతురు రాలేదు.

బావ ఇప్పుడు నవ్వడంలేదు. వేటకు పోయి వచ్చి, వల ఆరేసి, తనే పలకలు మోస్తున్నాడు. 

ఒక్కటే బాధ. తాడు దొరక్క అత్త వల తాడు ముక్క కట్టుకుంది. ఆ నైలాను ఆమె అరచేతుల్ని కోస్తోంది. నూనె రాసుకుని మళ్ళీ పట్టుకుంటోంది. మానమంటే వినదు. మీరిద్దరూ ఒకటే మొండి.

దుర్గ

ఆటోనగర్, విజయవాడ,
14-10-97

అమ్మాయి దుర్గకు,

పొట్టు అందింది. మరియదాసు చూసి, ఏ మిషను మీద తీశారన్నాడు. గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. గాలికి కదులుతూ ఉంటుంది.

దసరాకి ఇక్కడ మిషన్లకు నిమ్మకాయలు గుచ్చి పసుపు పూశారు. పని లేదు కాబట్టి షాపులో నేనొక్కణ్ణే ఉన్నాను. లారీ బాడీకి తెచ్చిన పలకలు గోడకు ఆనించి ఉన్నాయి. ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఎడమ చెయ్యి పెట్టాను. ముందు ఏమీ తెలియలేదు. మళ్ళీ పెట్టాను. అటు నుంచి జారింది. ఇటు నుంచి పట్టుకుంది. అన్ని పలకల మీదా పెట్టి చూశాను.

మీ అత్త చెప్పింది నిజం. నాకు సిగ్గేసింది. దిగులు కూడా వేసింది, ఎందుకో తెలియదు.

నా చెయ్యి సంగతి అడిగావు, ఇన్నాళ్ళూ నిజం రాయలేదు. మణికట్టు వంగడంలేదు. ఇంతకంటే వంగదని డాక్టరు చెప్పేశాడు. ఇక చిత్రిక తోసే పని లేదు. షావుకారు మంచివాడు, మిషను దగ్గర స్టూలు వేసి మీట నొక్కుతూ కూర్చోమన్నాడు. గది ఉంది, పంపులో కృష్ణ నీళ్ళు వస్తాయి. నావ పని అయ్యాక మీ అత్తను ఇక్కడికి రమ్మను. ఈసారి నేను అడిగానని చెప్పు.

నాగులు

గుల్లలమోద,
22-10-97

కోటి నాన్నకు రత్తమ్మ రాయించేది.

దుర్గ రాస్తోంది. నా మాటకు దాని మాట కలపొద్దని ఒట్టు వేయించుకున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. బెజవాడ నేను రాను. మీట నొక్కేవాడి పక్కన కూర్చుని నేనేం చెయ్యను?

నీ కుడి చెయ్యి ఇక వంగదని విన్నాను. ఆ చెయ్యి నేను చూసినంత దగ్గరగా ఎవరూ చూడలేదు. ఎదురుగా నిలబడి అన్నేళ్ళు దాన్నే చూశాను. అది తోయకపోతే పోనీ. నీకు ఎడమ చెయ్యి ఉంది. తాడు లాగడానికి ఎడమ చెయ్యి చాలు. కోటిని చంకనేసుకుని నేను ఒంటి చేత్తోనే లాగాను, నువ్వు మరిచిపోయి ఉంటావు.

ఇక్కడ దుర్గ తోస్తోంది. నడుం నుంచే తోస్తోంది, బాగా వచ్చింది. నేను పలకలు చూసి తిప్పాలి, నావ మీద అంచులు పట్టాలి, మళ్ళీ వచ్చి తాడు లాగాలి. ఒక్కదాన్ని అన్నిచోట్లా ఉండలేకపోతున్నాను. పై వరసలు మిగిలిపోయాయి. జక్కయ్య బావ తన రెండో నావ కూడా మనకే చెయ్యమంటున్నాడు. సిగ్గులేదు ఆ మనిషికి.

తాడు దగ్గర మనిషి కావాలి. ఇక్కడ లాగేవాళ్ళతో పనుంది. వస్తే రా.

రత్తమ్మ (వేలిముద్ర)

మావయ్యా, ఒట్టు తప్పుతున్నాను, ఒక్క ముక్క. అత్త పక్కకు తిరిగినప్పుడు రాస్తున్నాను. నిజాంపట్నం వాళ్ళకు బావ రానని కబురు పంపాడు. దుర్గ.

ఆటోనగర్, విజయవాడ,
27-10-97

రత్తమ్మకు,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మరియదాసును అడిగాను. పేరు రాసి ఊరుకో అన్నాడు.

షావుకారుకు చెప్పేశాను. మిషను ముందు స్టూలు మీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకోమన్నాను. గది ఖాళీ చేశాను. ఎల్లుండి పొద్దున బస్సెక్కుతాను. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి నాగాయలంక. అక్కడికి కోటిని సైకిలు వేసుకుని రమ్మను, ట్రంకు పెట్టె ఉంది.

వన్‌టౌనులో తిరిగి నూలు తాడు కొన్నాను. మెత్తనిది, చేతిని కొయ్యదు. షాపువాడు ఎద్దుకా అన్నాడు. కాదు, నాకు అన్నాను. నేను వచ్చేదాకా నువ్వు ఆ నైలాను ముట్టుకోకు.

దుర్గ నడుం నుంచే తోస్తోందని రాశావు. నిదానంగా తొయ్యమని చెప్పు. పలకలు నువ్వే తిప్పి పెట్టు. ఇంకొక్కటే. ముడి వచ్చినప్పుడు ఎక్కడ వదులు చెయ్యాలో నువ్వు పక్కన నిలబడి చెప్పాలి. నాకు తొయ్యడమే తెలుసు.

నాగులు